అప్పు లేని ప్రవాసి

సత్యవేడు ఉన్నచోటే ఉంది. దాని చుట్టూ గీసిన గీతలే మారాయి. 1960 ఏప్రిల్ 1కి ముందు ఆ ఊరు మద్రాసు రాష్ట్రంలో, చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. సరిహద్దుల మీద పటాస్కర్ చేసిన సిఫారసులతో తిరుత్తణి మద్రాసు వైపు వెళ్లింది, సత్యవేడు చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రప్రదేశ్ వైపు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు ఊరు చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ఇక్కడి ముసలివాళ్లు ఒకే అరుగు మీద కూర్చుని రెండు రాష్ట్రాలు, మూడు జిల్లాలు చూశారు. తెలుగులో మొదలైన బేరం అరవంలో తెగడం ఈ ఎల్లల్లో ఎవరికీ వింత కాదు.

ఊరు కదలలేదు గానీ మనుషులు కదులుతూనే ఉన్నారు. కొందరు పొట్ట చేతపట్టుకుని ఇక్కడి నుంచి వెళతారు. ఈ మధ్య కొందరు ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చి ఇక్కడ నాలుగేళ్లు ఉండి పోతున్నారు. వెళ్లినవాళ్లనూ వచ్చినవాళ్లనూ వేధించే ప్రశ్న ఒకటే. కొన్నాళ్ల కోసం పరాయిచోట ఉంటున్న మనిషికి ఆ రోజులు బతుకులో జమ అవుతాయా? లేక అవి ఎలాగోలా గడిపేయాల్సినవి మాత్రమేనా, అసలు బతుకు ఊరికి తిరిగొచ్చాకే మొదలవుతుందా?

ప్రశ్న పాతదే. చిత్తూరు సీమలో దీనికి ఏటా రాత్రిపూట, దీపాల వెలుగులో జవాబు వినిపిస్తుంది. ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్లున్న ఊళ్లలో ఎండాకాలం నుంచి భారతం పెడతారు. మామూలుగా పద్దెనిమిది రోజులు సాగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రంతా వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజున పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాష్టాంగపడి ఉంటారు. చివర మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ, ఆ తర్వాత అగ్నిగుండం. ఈ ఆట జరిగే చోటుకి భారతం మిట్ట అనే పేరు చాలా ఊళ్లలో స్థిరపడిపోయింది. పుస్తకం పట్టనివాళ్లకు కూడా ఇక్కడ భారతం కథ కంఠోపాఠం. కాబట్టి ఈ సీమలో ప్రవాసం గురించి మాట్లాడాలంటే భారతం దగ్గర మొదలుపెట్టడమే న్యాయం.

అరణ్యపర్వం చివర యక్షప్రశ్నలు వస్తాయి. నన్నయ సగంలో వదిలిన పర్వాన్ని ఎర్రన పూరించాడు కాబట్టి తెలుగులో ఈ ఘట్టం ఎర్రన వంతుకు వచ్చింది. మడుగు ఒడ్డున నలుగురు తమ్ముళ్లు ప్రాణాలు లేకుండా పడి ఉంటారు. ధర్మరాజు వాళ్ల మధ్య నిలబడి ప్రశ్నలకు జవాబులు చెబుతుంటాడు. సుఖంగా ఉండేవాడెవడని యక్షుడు అడుగుతాడు. ధర్మరాజు జవాబులో రాజ్యం లేదు, స్వర్గం లేదు. ఎప్పుడో ఒక పూట కాస్త ఆకుకూర వండుకు తిన్నా సరే, అది సొంతింట్లో అయి ఉండాలి. తినేవాడికి అప్పు ఉండకూడదు. పరదేశంలో ఉండకూడదు. అంతే.

చూడ్డానికి ఇది ఊరు దాటని మనిషి చెప్పే మాట. చెప్పినవాడెవడో గుర్తుచేసుకుంటే గానీ అందులోని చేదు తెలియదు. అప్పటికి ధర్మరాజు ఇల్లు వదిలి పన్నెండేళ్లు కావస్తోంది. సొంతిల్లు లేదు, ప్రవాసి. జూదంలో ఒడ్డిన మాటకు కట్టుబడి పదమూడేళ్లు తీర్చుకుంటున్నాడు కాబట్టి ఒక రకంగా అప్పులవాడు కూడా. సుఖానికి తాను పెట్టిన షరతుల్లో ఒక్కటీ తనకు లేదు. అయినా జవాబు సరైనదేనని యక్షుడు ఒప్పుకున్నాడు, తమ్ముళ్లను బతికించాడు, వరం కోరుకోమన్నాడు. అప్పుడు ధర్మరాజు కోరినవాటిలో ఒకటి ఇంకో ఏడాది పరాయి రాజ్యంలో ఎవరి కంటా పడకుండా గడపగలగడం. ప్రవాసం లేనివాడే సుఖి అని చెప్పిన నోటితోనే మరో ఏడాది ప్రవాసానికి అనుమతి అడిగాడు. గల్ఫ్‌లో మొదటి కాంట్రాక్టు ముగిసి రెన్యువల్‌కు సంతకం పెట్టే మనిషికి ఈ ఘట్టాన్ని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

తర్వాతిది విరాటపర్వం. నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన తన భారత రచనను ఈ పర్వంతోనే మొదలుపెట్టాడు. విరాటపర్వం చదివితే వానలు పడతాయని తెలుగు పల్లెల నమ్మకం. వానల సంగతి ఎలా ఉన్నా, పరాయిచోట తాత్కాలికంగా బతకడం గురించి ఇంత వివరంగా రాసిన పుస్తకం మనకు మరొకటి లేదు. ఆరుగురూ మత్స్యదేశపు రాజధానిలో ఉద్యోగాలకు చేరతారు. ఒకడు రాజుతో పాచికలాడే కంకుడు. ఒకడు వంటవాడు. ఒకడు అంతఃపురంలో ఆట నేర్పే బృహన్నల. ఒకడు గుర్రాల దగ్గర, ఒకడు ఆవుల దగ్గర. ద్రౌపది రాణి సుదేష్ణకు తల దువ్వి పూలు కట్టే సైరంధ్రి. బయల్దేరే ముందు ధౌమ్యుడు వాళ్లను కూర్చోబెట్టి కొలువులో ఎలా మెలగాలో చెబుతాడు. ఎక్కడ కూర్చోకూడదు, ఎప్పుడు నోరెత్తకూడదు, ఏ సంగతి బయటికి పొక్కనివ్వకూడదు. విదేశాలకు కూలీపనికి వెళ్లేవాళ్లకు కేంద్ర ప్రభుత్వం ఇప్పుడు ప్రయాణానికి ముందు ఒకరోజు శిక్షణ ఇస్తోంది. ధౌమ్యుడి పాఠం అంతకన్నా నిక్కచ్చిగా ఉంటుంది.

సంస్కృత మూలంలో ఇక్కడ చిన్న ముచ్చట ఉంది. హరికథల్లో పెద్దగా వినబడదు. మత్స్యనగరంలో అన్నదమ్ములు సంపాదన ఎలా పంచుకునేవారో వ్యాసుడు చెబుతాడు. ధర్మరాజు పాచికల్లో గెలిచిన సొమ్మును గుట్టుగా తమ్ముళ్లకు చేరవేసేవాడు. భీముడు వంటింటి నుంచి దొరికిన మాంసం, పిండివంటలు వాళ్లకు అందేలా చూసేవాడు. అర్జునుడికి అంతఃపురంలో పాత బట్టలు దొరికేవి, అవి అమ్మగా వచ్చింది పంచేవాడు. సహదేవుడి వంతు పాలు, పెరుగు, నెయ్యి. గుర్రాల పని చూసి మెచ్చి రాజు ఇచ్చింది నకులుడు తెచ్చేవాడు. గాండీవం జమ్మిచెట్టు మీద ఉంది, గాండీవి పాత చీరలు అమ్ముకుంటున్నాడు! ఈ నాలుగు ముక్కలు రాయకపోయినా కథకు లోటు లేదు. కానీ ఆ ఏడాది ఊరికే లెక్కపెట్టి గడిపిన రోజుల మూట కాదని ఇవే చెబుతున్నాయి. వాళ్లు పని నేర్చారు, పనిలో పేరు తెచ్చుకున్నారు, ఒకరి కూటికి ఒకరు సాయపడ్డారు. బృహన్నల దగ్గర ఉత్తరకు ఆట నిజంగానే వచ్చింది. వేషం వేషమే అయినా నేర్పిన విద్య నిజం.

ఇంతవరకు చదివి, ప్రవాసాన్ని హాయిగా అనుభవించండని భారతం చెబుతోందనుకుంటే పొరపాటు. అదే కొలువులో, అదే ఏడాది, ఆరో మనిషి బతుకు వేరు. రాణి తమ్ముడు కీచకుడు సైరంధ్రి వెంటపడ్డాడు. రాణికి తెలుసు, తెలిసీ ఆమె చేతికే పాత్ర ఇచ్చి కల్లు తెమ్మని అతని ఇంటికి పంపింది. నిండుసభలో కీచకుడు తన్నినప్పుడు రాజు నోరు మెదపలేదు. భర్త అక్కడే ఉన్నాడు. గుట్టు బయటపడుతుందని భయపడి, నాటకాలాడే ఆడదానిలా ఏడవక లోపలికి పొమ్మన్నాడు. ఒకే ఇంట్లో ఐదుగురికి బతుకు సాగిపోయింది, ఒకరికి నరకమైంది. పరాయిచోట మామూలు రోజును ఆస్వాదించడం గురించి ఏ పండితుడు ఉపన్యసించినా, ముందు సైరంధ్రి గదికి వెళ్లి అది చెప్పగలడేమో చూడాలి.

ఆ గది ఇవాళ కువైట్‌లో ఉంది. రాయలసీమ నుంచి, ముఖ్యంగా రాజంపేట, రాయచోటి వైపు నుంచి, చిత్తూరు పల్లెల నుంచి ఏళ్ల తరబడి ఆడవాళ్లు ఇంటిపనికి అక్కడికి వెళుతున్నారు. అక్కడ వాళ్లను ఖద్దామా అంటారు. యజమాని బాబా, ఆయన భార్య మామా. చేతిలో అకామా, అంటే నివాస అనుమతి, ఉంటే మనిషి, లేకపోతే లెక్కలో లేని ఖల్లివల్లి. ఈ మాటలు సీమ పల్లెల్లో పెళ్లిళ్ల దగ్గర, పొలంగట్ల మీద వినబడతాయి, ఎవరూ అర్థం అడగరు. రంజాన్ నెలలో ఇంటికి చుట్టాలు పెరుగుతారు, వంటింట్లో పని తెల్లవారుజాము దాకా తెగదు. పిల్లల్ని ఊళ్లో అవ్వ దగ్గర వదిలి, అక్కడ ఇంకొకరి పిల్లల్ని ఎత్తుకుని పెంచుతారు. రాత్రి పడుకునే ముందు ఇమో యాప్‌లో ఇంటికి కాల్.

కాగితం మీద రక్షణ లేకపోలేదు. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. 2016లో నెలకు కనీసం 60 దీనార్లు ఇవ్వాలని నిర్ణయించారు. భారత ప్రభుత్వం కూడా ఇలాంటి దేశాలకు ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలని షరతు పెట్టింది. అయితే తలుపు లోపల ఏం జరుగుతోందో చట్టానికి కనబడదు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మంచివాడైతే వెళ్లినామె రెండేళ్లకు గొలుసు చేయించుకుని వస్తుంది. కాకపోతే ఎంబసీ మెట్లెక్కుతుంది. చట్టం కన్నా యజమాని గుణం మీద బతుకు ఆధారపడటమే అక్కడి అసలు అన్యాయం.

ఆమె అసలు ఎందుకు వెళ్లింది? ఇక్కడే ధర్మరాజు జవాబులో అప్పు, పరదేశం అనే రెండు షరతులు ఒకదాని పక్కన ఒకటి ఎందుకున్నాయో తెలుస్తుంది. బోరు వేశారు, నీళ్లు పడలేదు, ఇంకోటి వేశారు. కూతురి పెళ్లి చేశారు. మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు మూడు వేలు వడ్డీకే పోతాయి, ఏడాదికి ముప్పై ఆరు వేలు, అసలు మాత్రం కదలదు. సేద్యం మీద ఆ వడ్డీ కట్టడం అయ్యే పని కాదు. అప్పు అనేది లేకపోతే ఆమె ఊరు దాటేది కాదు. అంటే చాలామంది విషయంలో ప్రవాసం వేరే జబ్బు కాదు, అప్పుకి పుట్టిన లక్షణం.

శాస్త్రం తెలిసినవాళ్లు ఇక్కడ అడ్డం రావచ్చు. మనిషి దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడు అప్పులతో పుడతాడు కదా, ధర్మరాజు వాటి గురించే అని ఉండొచ్చు కదా అని. ఉండొచ్చు. కానీ ఆ మూడు అప్పులవాళ్లూ నెలాఖరున గడపలోకి వచ్చి కూర్చోరు. ఈ వ్యాసం ప్రోనోటు మీద వేలిముద్ర పడ్డ అప్పు గురించే.

ఇక సత్యవేడుకు వచ్చినవాళ్లు. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో మొదలైన శ్రీసిటీ చెన్నైకి ఉత్తరాన యాభై ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఇసుజు పికప్ ట్రక్కులు 2016 నుంచి, డైకిన్ ఏసీలు 2023 నుంచి ఇక్కడ తయారవుతున్నాయి. కోబెల్కో మట్టి తవ్వే యంత్రాలు చేస్తుంది. ఆల్‌స్టామ్ ఫ్యాక్టరీలో సిడ్నీ మెట్రోకు రైళ్లు తయారై ఓడెక్కాయి. ఒకప్పుడు వేరుశనగ, వరి తప్ప ఎరగని పల్లెల పక్కనే జపాన్, కొరియా, ఐరోపా కంపెనీల బోర్డులు. ఆ కంపెనీలతో పాటు ఇంజనీర్లు, మేనేజర్లు వస్తారు. సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ల పోస్టింగు. జపాన్ కంపెనీల్లో పెళ్లాం పిల్లల్ని స్వదేశంలోనే ఉంచి మగవాడు ఒక్కడే వెళ్లడం పాత అలవాటు, పిల్లల చదువు చెడకూడదని. అక్కడ దాన్ని తన్‌షిన్ ఫునిన్ అంటారు. ఆ మాట తెలియకపోయినా సీమలోని ఏ గల్ఫ్ కుటుంబానికైనా ఆ పరిస్థితి తెలుసు.

ఒంటరితనం ఇద్దరిదీ ఒకటే. మిగతాదంతా వేరు. జపాన్ మేనేజరుకు ఇల్లు, కారు, డ్రైవరు, ఏడాదికోసారి విమానం టికెట్టు కంపెనీ ఇస్తుంది. పాస్‌పోర్టు అతని సొరుగులోనే ఉంటుంది. నచ్చకపోతే బదిలీ అడగొచ్చు. అందుకే అతనికి సురుటుపల్లిలో పడుకుని ఉన్న శివుణ్ణి చూడ్డానికి తీరిక ఉంటుంది. లింగంగా తప్ప శివుణ్ణి ఎరగని మనకే ఆ పళ్లికొండేశ్వరుడు వింత. నాగలాపురంలో వేదనారాయణస్వామి గుడి ఉంది. కృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరున నిలిపిన ఊరు అది, అక్కడ విష్ణువు మత్స్యావతారంలో ఉంటాడు. ఏటా మార్చి నెలలో సాయంత్రపు సూర్యకిరణాలు గర్భగుడిలోకి వచ్చి మూలవిరాట్టు మీద పడే రోజులకు జనం కిక్కిరిసిపోతారు. ఇవన్నీ శ్రీసిటీ నుంచి ఒక సెలవురోజు ప్రయాణం.

మరి అప్పు లేని ప్రవాసులంతా ఇవి చూసి మురిసిపోతున్నారా? లేదు. చెన్నై అపార్ట్‌మెంటు నుంచి ఏసీ కారులో ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి అపార్ట్‌మెంటుకు తిరిగి, కాంట్రాక్టు కాలం ఎప్పుడు ముగుస్తుందా అని క్యాలెండరు చూసుకునేవాళ్లు ఏ దేశపు కాలనీలో అయినా ఉంటారు. అమెరికాలో మనవాళ్లూ ఇందులో తక్కువ తినలేదు. హెచ్-1బీ వీసా మూడేళ్లకు, ఇంకో మూడేళ్లు పొడిగింపు. ఆ తర్వాత గ్రీన్‌కార్డు క్యూలో పడితే తాత్కాలికం అనే మాటకే అర్థం పోతుంది. వచ్చే ఏడాది వెళ్లిపోతాం కదా అని మంచి మంచం కొనరు, పెరట్లో కరివేపాకు మొక్క నాటరు, పక్కింటివాడి పేరు కనుక్కోరు. అలా పదిహేనేళ్లు గడిచిపోతాయి. చదువు కోసం చేసిన అప్పు ఎప్పుడో తీరి ఉంటుంది, అప్పులవాడి అలవాటు మాత్రం ఒంటిని వదలదు. అప్పు తీరడం అవసరమే, అది ఒక్కటే సరిపోదు.

ఈ అలవాటును మతగ్రంథాలు ముందే పసిగట్టాయి. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులు ఇవాళో రేపో తిరిగెళ్తామని మూటలు విప్పకుండా కూర్చుంటే, యిర్మీయా ప్రవక్త వాళ్లకు ఒక ఉత్తరం రాశాడు. అది బైబిల్లో ఆయన గ్రంథం ఇరవైతొమ్మిదో అధ్యాయంలో ఉంది. త్వరలో వచ్చేస్తారన్న ఓదార్పు అందులో లేదు. ఇళ్లు కట్టుకోమంటాడు, తోటలు వేసి వాటి పండ్లు తినమంటాడు, పిల్లలకు పెళ్లిళ్లు చేయమంటాడు. అన్నిటికన్నా కష్టమైనది చివర్లో ఉంది. తమను చెరపట్టిన ఊరి క్షేమం కోసమే ప్రార్థించమంటాడు. డెబ్బై ఏళ్లు పడుతుందని లెక్క కూడా చెప్పేశాడు. ఉత్తరం చదివినవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లే రోజు చూడరని ఆయనకు తెలుసు.

కువైట్ నగరంలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు వంతులవారీగా ఆరాధన జరుపుకుంటాయి, వాటిలో తెలుగు ఒకటి. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారపు ఆరాధన శుక్రవారానికి జరిగింది. దేవుడి దినాన్నే మార్చుకుని సర్దుకున్న ఈ జనానికి యిర్మీయా మాట ఎవరూ ప్రత్యేకంగా బోధించనవసరం లేదు. సెలవు దొరికిన ఖద్దామాకు ఆ రోజు పాటతో పాటు సొంత భాష, ఊరి కబురు, ఎవరో తెచ్చిన ఊరగాయ కూడా దొరుకుతాయి. సెలవు దొరకనామెకు ఏదీ లేదు. చట్టంలో ఆ వారపు సెలవు అన్న ఒక్క వాక్యం ఆధ్యాత్మికంగా ఎంత బరువైనదో ఇక్కడే అర్థమవుతుంది.

ఇస్లాం ఇంకో వైపు నుంచి వస్తుంది. ప్రవక్త ఒకసారి ఇబ్న్ ఉమర్ భుజం పట్టుకుని, ఈ లోకంలో పరదేశిలాగో బాటసారిలాగో ఉండమన్నారని బుఖారీ సంకలనంలో ఉంది. హిందూ సన్యాసికి కూడా ఒకచోట పాతుకుపోకూడదని నియమం, వానాకాలం చాతుర్మాస్యం మాత్రమే మినహాయింపు. యిర్మీయా పరాయి ఊరిని సొంత ఊరు చేసుకోమంటే, వీళ్లు సొంత ఊరినే పరాయి ఊరనుకోమంటున్నారు. పైకి ఎదురెదురుగా కనిపించినా రెండూ ఒక పొరపాటునే కొడుతున్నాయి. అసలు బతుకు ఇంకెక్కడో, ఇంకెప్పుడో ఉందని ఇవాళ్టి పూటను చిన్నచూపు చూడడమే ఆ పొరపాటు.

తాత్వికులు ఈ మాటను అలవోకగా చెబుతారు, ఆచరణలో తడబడతారు. రోమన్ తాత్వికుడు సెనెకాను క్రీ.శ. 41లో కోర్సికా ద్వీపానికి వెళ్లగొట్టారు. అక్కడి నుంచి తల్లి హెల్వియాకు ఓదార్పు లేఖ రాశాడు, ఎక్కడికి పోయినా అదే ఆకాశం, అదే మనసు వెంట వస్తాయి, దుఃఖించనక్కర్లేదని. ఉత్తరం గొప్పదే. కొద్దికాలానికే చక్రవర్తి కొలువులో పలుకుబడి ఉన్న పొలిబియస్‌ను పొగుడుతూ మరొకటి రాశాడు, తనను వెనక్కి పిలిపించమన్న ధ్వనితో. రెండు ఉత్తరాలూ దొరుకుతున్నాయి. రెండోది ఆయన పరువు తీసిందంటారు గానీ, ఆ రెండూ కలిపి చదివితేనే ప్రవాసం గురించిన నిజం పూర్తవుతుంది.

మనవైపు మనిషి ఒకరు ఇందులో మెరుగు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో నాటి కడప జిల్లాలోని మదనపల్లెలో పుట్టారు. 1929 ఆగస్టులో హాలండ్‌లోని ఒమ్మెన్‌లో తన చుట్టూ కట్టిన సంస్థను రద్దు చేసి, దాని కోసం వచ్చిన ఆస్తులు ఇచ్చినవాళ్లకు వెనక్కి ఇప్పించారు. ఆ తర్వాత, ముఖ్యంగా చివరి దశాబ్దాల్లో, సంవత్సరాన్ని దేశాల మధ్య పంచుకుని గడిపారు. చలికాలం ఇండియా, వేసవి స్విట్జర్లాండ్‌లోని సానెన్, మిగతా రోజులు కాలిఫోర్నియా ఓహై, ఇంగ్లండ్. 1961 జూన్ నుంచి 1962 మార్చి దాకా ఆయన రాసుకున్న నోట్‌బుక్‌లో సిద్ధాంతాలకన్నా ముందు కనబడేవి కొండ మీద వెలుగు, నది రంగు, దారిన పోయే మనుషులు. అన్నిచోట్లా అతిథే, అన్నిచోట్లా కళ్లు తెరుచుకునే ఉన్నాయి. గిట్టనివాళ్లు ఒక మాట అంటారు, ఎవరో వండి పెడుతుంటే నది రంగు ఎవరైనా చూస్తారని. ఆ మాటను తోసిపారేయలేం. ఎవరికీ బాకీ పడకుండా ఉండడం కోసం ఆయన వదులుకున్నది కూడా చిన్నది కాదు, ఆ వదులుకోవడంతోనే చూపు తేలికైంది.

కాబట్టి ధర్మరాజు జవాబును సత్యవేడు గడపలో నిలబడి మళ్లీ చదివితే రెండు షరతుల బరువు ఒకటి కాదని తేలుతుంది. సంకటికి బదులు ఖుబ్బూస్ రొట్టె తిన్నా, మజ్జిగ దొరకని ఎడారిలో ఉన్నా, మనిషి ఆ రోజును తనదిగా చేసుకోగలడు. పాండవులు మత్స్యదేశంలో చేసుకున్నారు. అప్పు ఉన్నవాడికి సొంత గడపలో కూర్చున్నా ఆ పూట తనది కాదు, వడ్డీ వ్యాపారిది. అప్పు రేపటి రోజుల్ని ఇవాళే తాకట్టు పెట్టేస్తుంది. తాకట్టులో ఉన్న రోజును ఆస్వాదించమని ఏ వేదాంతం చెప్పినా అది ఎకసెక్కమే.

ఇంకో దారి కూడా ఈ మండలంలోనే కనబడుతోంది. 2015 నుంచి శ్రీసిటీలో సెల్‌ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు వేలల్లో పని చేశారు. షిఫ్టు బస్సు ఊరి ముందుకే వస్తుంది. జీతం గల్ఫ్‌తో సరిపోలదు, నిలబడి చేసే పని కాళ్లు లాగేస్తుంది. అయినా రాత్రికి సొంతింట్లో పప్పో ఆకుకో వండుకోవచ్చు. ఒక తరం ముందు ఇదే దొరికి ఉంటే కువైట్ విమానం ఎక్కనివాళ్లు చాలామంది ఉండేవారు.

వెళ్లక తప్పనివాళ్లు ఇంకా ఉన్నారు, ఉంటారు. వాళ్ల ఇళ్లలో ఉన్నవాళ్లకు ఒక మనవి. వెళ్లినామె పంపిన డబ్బుతో ముందు ప్రోనోటు చింపించండి, చెల్లు రాయించుకుని ఆ కాగితం ఫొటో తీసి ఆమెకు పంపండి. మేడ మీద మేడ వేయడానికో, రెండో బోరుకో, ఆమె ఉందిగా తీరుస్తుందిలే అని ఆమె పేరు చెప్పి కొత్త అప్పు చేయకండి. అప్పు తీరాక అక్కడే ఇంకో రెండేళ్లు ఉండాలో, ఇంటికి రావాలో ఆమెనే తేల్చుకోనివ్వండి.